కొండ వాలు భూములలో పవర్ టిల్లరు, ట్రాక్టరు: భద్రముగా నడుపుట, పదిలముగా కాపాడుకొనుట



అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి ప్రాంతముల గ్రామములలో నేడు కాడెద్దుల ప్రక్కన పవర్ టిల్లరు కూడ వచ్చి నిలిచినది. లోయలోని వరి మడులకు దమ్ము చేయుటకు, మెట్టలో చోడి, రాజ్‌మా, పసుపు, అల్లము వేయు చెక్కలను దున్నుటకు, కాఫీ పండ్ల బస్తాలను, మిరియపు మూటలను రోడ్డు వరకు చేర్చుటకు దీనిని వాడుచున్నారు. కొన్ని గ్రామములలో సంఘము పేర ట్రాక్టరు, ట్రాలీ కూడ కలవు. రెండు జతల ఎడ్లు రెండు దినములు చేయు పని ఒక పూటలో ముగియుచున్నప్పుడు ఎవరు మాత్రము వద్దందురు?

అయితే ఒక సంగతి మరువరాదు. ఈ యంత్రములు పుట్టినది కొండలలో వాడుకకు కాదు. పవర్ టిల్లరు 1960 దశకములో జపాను నుండి మన దేశమునకు వచ్చినది. 1967లో బెంగుళూరున జపాను కంపెనీ సహకారముతో వీటి తయారీ సంస్థ ఏర్పడినది. అది చదునైన వరి మడికి ఉద్దేశింపబడిన యంత్రము. ట్రాక్టరు సంగతియు అంతే. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, ఒక మడికి మరొక మడికి మనిషి లోతు తేడా ఉండు చోట దానిని నడుపునప్పుడు, మైదానములో తప్పుగా లెక్కింపబడని చిన్న పని కూడ ఇక్కడ ప్రాణము మీదికి తెచ్చును. కనుక కొండ వాలులో యంత్రము ఎట్లు ప్రవర్తించునో, ఏల ప్రవర్తించునో ముందు తెలిసికొనుట అవసరము. కారణము తెలిసినవానికి జాగ్రత్తలు వేరుగా కంఠస్థము చేయవలసిన పని లేదు.

కావిడి మోయువానికి తెలిసిన శాస్త్రము

మీలో కావిడి మోయనివారు అరుదు. కావిడి బరువు నేలకు దగ్గరగా వ్రేలాడుచున్నప్పుడు నడక సుళువు. అదే బరువును తలపై పెట్టుకొని జారుడు దారిలో దిగుట కష్టము. కారణమేమి? ప్రతి వస్తువునకు దాని బరువంతయు ఒకచోట కూడినట్లు లెక్కింపదగిన బిందువు ఒకటి ఉండును. దానినే గురుత్వ కేంద్రము అందురు. ఈ బిందువు నుండి నిట్టనిలువుగా క్రిందికి దారము వ్రేలాడదీసినట్లు ఊహించుకొనుడు. ఆ దారము చక్రముల నడుమ నేలను తాకినంతకాలము యంత్రము నిలిచియుండును. చక్రము అంచును దాటి బయట పడెనా, యంత్రము బోర్లపడును. బిందువు ఎంత ఎత్తున ఉన్న, చక్రములు ఎంత దగ్గరగా ఉన్న, దారము అంత త్వరగా బయటికి పోవును.

విశాఖపట్నము రేవులోను, పెద్ద గిడ్డంగులలోను బస్తాలను ఎత్తు ఫోర్కులిఫ్టు అను బండిని చూచినవారుందురు. దాని డ్రైవరుకు నేర్పు మొదటి పాఠము ఇదియే. బరువును నేలకు వీలైనంత దగ్గరగా ఉంచి నడుపవలెను. వాలుపై ఎక్కునప్పుడైనను దిగునప్పుడైనను బరువు ఎగువ వైపే ఉండవలెను. వాలు మీద మలుపు తిప్పరాదు. అందుకే బరువుతో దిగునప్పుడు ఆ బండిని వెనుకకు నడుపుదురు. సిమెంటు నేలపై నడచు బండికే అన్ని కట్టుబాట్లు ఉండగా, తడి గడ్డిపై, రాళ్ళపై నడచు మన ట్రాక్టరుకు ఉండవా?

వాలుకు అడ్డముగా నడుపునప్పుడు దిగువ చక్రము ఒక గుంటలో పడి, ఎగువ చక్రము ఒక రాయి ఎక్కినచో, వాలు చూచుటకు కొద్దిదైనను యంత్రమునకు అది రెండింతల వాలు అగును. ట్రాక్టర్లు ప్రక్కకు పడుటకు సామాన్యముగా ఇదియే కారణము. చక్రముల నడుమ దూరమును పెంచుటకు వీలున్న యంత్రములలో దానిని పెంచుకొనుడు. దిగువ వైపునకు అకస్మాత్తుగా తిప్పుట కంటె ఎగువకు తిప్పుట మరింత ప్రమాదకరము. ఏలయనగా మలుపు వేగము బరువును బయటి వైపునకు, అనగా దిగువకే నెట్టును. ఈ నెట్టుడు వేగముతో సమానముగా కాక, వేగము రెండింతలైనప్పుడు నాలుగింతలుగా పెరుగును.

వాలును కంటితో అంచనా వేయరాదు. పది అడుగుల వెదురును, సగము నీరు పోసిన సీసానొకదానిని తీసికొనుడు. వెదురు ఒక కొనను ఎగువ నేలపై ఆనించి, రెండవ కొనను దిగువ వైపు గాలిలో పట్టి, దానిపై పడుకోబెట్టిన సీసాలోని నీరు మట్టముగా నిలుచు వరకు ఎత్తుడు. ఆ కొన నుండి నేలకు ఎంత ఎత్తున్నదో కొలువుడు. అది అడుగున్నరకు మించినచో అక్కడ ట్రాక్టరునుగాని, ట్రాలీ కట్టిన టిల్లరునుగాని వాలుకు అడ్డముగా నడుపవద్దని నా సలహా. కొందరు డ్రైవర్లు ఇంతకంటె నిటారు చోట్ల నడిపి చూపింతురు. వారి నేర్పును నేను కాదనను గాని, తడిసిన నేలకు నేర్పుతో పనిలేదు. అట్టి చెక్కలకు ఎద్దులే మేలు. నేల కోత దృష్ట్యా కూడ ఆ భూములలో యంత్రపు దుక్కి తగదు.

దిగుడులో తారుమారగు క్లచ్చి

ఇప్పుడు చెప్పబోవునది ఈ వ్యాసములో అన్నిటికంటె ముఖ్యము. టిల్లరు కొన్న చాలమందికి దీనిని ఎవరును చెప్పి ఉండరు.

పవర్ టిల్లరుకు స్టీరింగు చక్రము లేదు. రెండు హ్యాండిళ్ళ క్రింద రెండు ప్రక్క క్లచ్చిలు ఉండును. మట్టపు నేలపై ఎడమ క్లచ్చి నొక్కిన బండి ఎడమకు, కుడి క్లచ్చి నొక్కిన కుడికి తిరుగును. రెండు దినములలో ఇది చేతికి అలవాటగును. తరువాత ఆలోచింపకయే చేయి తన పని తాను చేయును. ప్రమాదము అక్కడనే ఉన్నది.

మట్టపు నేలపై జరుగుచున్నదేమి? ఇంజను రెండు చక్రములను ముందుకు త్రిప్పుచున్నది. ఎడమ క్లచ్చి నొక్కగానే ఎడమ చక్రమునకు ఇంజను బలము తెగిపోవును. కుడి చక్రము మాత్రము నడచుచుండును గాన బండి ఎడమకు తిరుగును. దిగుడులో కథ వేరు. అక్కడ ఇంజను చక్రములను త్రిప్పుట లేదు. బండి బరువే చక్రములను దొర్లించుచున్నది, ఇంజను వాటిని పట్టి ఆపుచున్నది. అప్పుడు ఎడమ క్లచ్చి నొక్కినచో ఎడమ చక్రము ఆ పట్టు నుండి విడివడి వేగముగా దొరలును. కుడి చక్రము ఇంకను ఇంజను పట్టులోనే ఉండి నెమ్మదిగా తిరుగును. కావున బండి ఎడమకు బదులు కుడికి తిరుగును! వెనుక బరువైన ట్రాలీ తోయుచున్నప్పుడు ఇది మరింత గట్టిగా జరుగును.

నేను మైదాన ప్రాంతపు మడులలో టిల్లరు నేర్చినవాడను. ఉద్యోగరీత్యా కొండలకు వచ్చిన తొలి సంవత్సరమున ఒక గ్రామములో పది పన్నెండు మంది రైతుల ఎదుట ప్రదర్శన ముగించి, బండిని దారిన దింపుచుంటిని. కుడి ప్రక్క గెడ్డ. దారి ఎడమకు వంగినది. నేను ఎడమ క్లచ్చి నొక్కితిని. బండి కుడికి, గెడ్డ వైపునకు మొగ్గినది. తప్పు నొక్కితినేమోయని మరింత గట్టిగా నొక్కితిని. బండి మరింత కుడికి పోయినది. ఎట్లో హ్యాండిలు విడిచి పక్కకు దుమికితిని. నాలుగు వందల కిలోలకు పైబడిన యంత్రము గెడ్డలో తలక్రిందులైనది. ఒక వృద్ధుడు నన్ను లేవదీయుచు, "ఎద్దయితే గెడ్డ చూసి తనే ఆగును బాబూ, దీనికి కళ్ళు నేవు గదా" అనెను. చదివిన చదువులో లేని పాఠము ఆనాడు నేర్చుకొంటిని. అదృష్టవశమున పోయినది యంత్రపు రేడియేటరు మాత్రమే.

కాబట్టి దిగుడులో ప్రక్క క్లచ్చిలను ముట్టరాదు. ముందుగనే అతి తక్కువ గేరు వేసి, ఇంజను వేగము తగ్గించి, హ్యాండిలును చేతులతో ప్రక్కకు నెట్టి దిశ మార్చుకొనవలెను. తప్పనిసరియైనచో ఎడమకు తిరుగుటకు కుడి క్లచ్చి, కుడికి తిరుగుటకు ఎడమ క్లచ్చి వాడవలసి ఉండును. కాని భయపడిన క్షణమున ఈ తిరకాసు గుర్తుండదు గాన, దానిని ఆధారముగా పెట్టుకొనవద్దు. ప్రధాన క్లచ్చిని విడదీసి గాని, గేరును న్యూట్రలులో పెట్టి గాని దిగుట అంతకంటె చెడ్డది. ఇంజను పట్టు పూర్తిగా పోయి, బండి మీ చేతి నుండి జారును. దిగుడు మధ్యలో గేరు మార్చుటయు ఇట్టిదే. గేరు తీసిన తరువాత మరల పడకపోయిన ఏమి చేయగలరు? కొండ మొదటనే ఆగి, గేరు ఎన్నుకొని, తరువాత దిగుడు.

క్రొత్తగా నేర్చువారు కొద్దిపాటి వాలు గల, ప్రక్కన గుంటలు లేని బయలులో ఖాళీ బండిని దింపుచు ఈ తారుమారును ఒకసారి తమ చేతులతో చూచుకొనవలెను. పది సార్లు విన్నదానికంటె ఒకసారి చూచినది మేలు.

మడుల నుండి మడులకు

మెట్లవలె ఉన్న మడులలో గట్టు దాటించుట నిత్యము చేయవలసిన పని. గట్టును ఏటవాలుగా ఎక్కించిన ఒక చక్రము ముందు లేచి బండి ప్రక్కకు ఒరుగును. గట్టును కొంచెము చెక్కి, దానికి నిలువుగా, రెండు చక్రములు ఒకేసారి ఎక్కునట్లు నడుపవలెను. ఎత్తు ఎక్కువైనచో బలమైన పలకలు రెండు వేయుడు. తడిసిన మామిడి పలకలు జారును. వాటిపై అడ్డముగా వెదురు బద్దలు కొట్టుకొన్నచో పట్టు దొరకును. దాటించునప్పుడు రోటవేటరు తిరుగరాదు.

మడి దిగువ అంచున దున్నునప్పుడు గట్టు లోతెంతయో అంచు నుండి అంత దూరములో చక్రము ఉండవలెను. నాలుగడుగుల దిగుడున్నచోట నాలుగడుగులు విడువవలెను. వానలకు నానిన రాతి కట్టడము పైకి గట్టిగా కనిపించినను, లోపల మట్టి కొట్టుకొనిపోయి ఉండవచ్చును. ఆ మిగిలిన పట్టీని పారతోనో, ఎడ్లతోనో చేసికొనుడు.

టిల్లరును వెనుకకు నడుపుట మరియొక గండము. రివర్సు గేరు వేయగానే హ్యాండిలు పైకి లేచి మనిషి మీదికి వచ్చును. వెనుక గట్టుగాని, సిల్వర్ ఓక్ మానుగాని ఉన్నచో నడుపువాడు వాటి నడుమ నలిగిపోవును. రోటవేటరు తిరుగుచున్నచో కాళ్ళు దానిలో పడును. రోటవేటరు గేరు తీయక రివర్సు వేయరాదు. వెనుక కనీసము రెండు మూడు గజముల ఖాళీ ఉన్నదో లేదో తిరిగి చూడవలెను. కాఫీ తోటలో వరుసల నడుమ ఇంత చోటు దొరకదు గనుక అక్కడ టిల్లరు వాడకపోవుటయే మంచిది. చిన్న వీడరుగాని, కలుపు కోయు బ్రష్ కట్టరుగాని చాలును.

బ్రష్ కట్టరు వాడువారు కంటికి అద్దములు, కాళ్ళకు బూట్లు లేనిదే పని మొదలుపెట్టరాదు. దాని పళ్ళెము రాయిని తాకిన ఆ ముక్క తుపాకి గుండువలె పోవును. ఇతరులు పదిహేను మీటర్లకు దూరముగా ఉండవలెను.

ట్రాక్టరు వెనుకకు తిరగబడుట

ట్రాక్టరు ప్రక్కకే కాక వెనుకకు కూడ తిరగబడును. ఇది చాలమంది నమ్మరు. వెనుక చక్రములు బురదలో ఇరుక్కొని తిరుగలేనప్పుడు ఇంజను బలము ఊరకుండదు. చక్రమును త్రిప్పలేని ఇరుసు ట్రాక్టరు ముందు భాగమునే పైకి ఎత్తును. క్లచ్చిని ఒక్కసారిగా విడిచినచో ముందు చక్రములు లేచినవని మీరు గ్రహించు లోపలనే ట్రాక్టరు మీపై ఉండును. మొదలు నుండి చివరి వరకు సుమారు సెకనున్నర కాలము.

మోడు పెకలించుట, దూలములు లాగుట వంటి పనులలో గొలుసును ఎక్కడ కట్టితిరను దానిపై ప్రాణము ఆధారపడియున్నది. క్రిందనున్న డ్రాబారుకే కట్టవలెను. ఇరుసుకుగాని, పై లింకుకుగాని, సీటు క్రింద గల మరి దేనికైనను కట్టినచో లాగుడు బలము ఇరుసు కంటె ఎత్తునుండి పనిచేసి ట్రాక్టరును వెనుకకు పడవేయును. గుంటలో దిగబడినప్పుడు ముందుకు పోవుటకు పెనుగులాడక, చక్రముల వెనుక మట్టి త్రవ్వి రివర్సులో బయటికి రావలెను. చక్రముల ముందు దుంగ అడ్డముగా కట్టి ముందుకు నడుపుట కొందరికి అలవాటు. ఆ దుంగ చక్రమును బిగించి ట్రాక్టరును బోర్లించును. నిటారు మిట్టను ఖాళీ ట్రాక్టరుతో ఎక్కవలసివచ్చిన వెనుకకు ఎక్కుట క్షేమము.

స్వీడన్ దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లన్నిటికి రక్షణ చట్రము ఉండవలెనని శాసనము చేసినది. డ్రైవరు సీటుపైన గట్టి ఉక్కు చట్రము, నడుమునకు బెల్టు. ట్రాక్టరు పడినను మనిషి నలుగడు. ఆ తరువాతి దశాబ్దములలో అక్కడ ఇట్టి మరణములు మిక్కిలిగా తగ్గిపోయినవి. మన వైపు దొరకు ట్రాక్టర్లలో ఈ చట్రము అన్నిటికి ఉండదు. సంఘము క్రొత్తగా కొనునప్పుడు టేపు రికార్డరు, రంగుల గొడుగు అడుగుటకు ముందు ఈ చట్రమును అడుగుడు. చట్రము ఉన్నచో బెల్టు కట్టుకొనుడు, లేనిచో కట్టుకొనరాదు. చట్రము లేని ట్రాక్టరులో బెల్టు మిమ్ము దాని క్రిందనే బంధించును.

ఘాటు రోడ్డుపై ట్రాలీ

అనంతగిరి వైపు ఘాటు రోడ్డుగాని, లంబసింగి నుండి దిగు దారిగాని ఎరిగినవారికి మలుపులను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. చాల ట్రాలీలకు తమ స్వంత బ్రేకులు ఉండవు. కాఫీ బస్తాలో, కర్రలో నింపిన ట్రాలీ ట్రాక్టరు కంటె బరువైనది. దిగుడులో ట్రాక్టరు బ్రేకు వేసినను ట్రాలీ ఆగక తోయును. మలుపులో ఆ తోపు ప్రక్కకు తగిలి ట్రాక్టరును కత్తి మడతవలె మడచివేయును.

ఏ గేరులో కొండ ఎక్కగలరో ఆ గేరులోనే దిగుడు. డీజిలు మిగులునని న్యూట్రలులో జార్చుట మానుడు. మిగులు డీజిలు ఎంతయో, దానికి ఒడ్డుచున్నది ఏమో ఆలోచించుడు. బ్రేకును అదేపనిగా త్రొక్కియుంచిన వేడెక్కి పట్టు సడలును. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడలులు ఉండును. దుక్కిలో చిన్న మలుపు కొరకు అవి వేరుగా ఉండుట మంచిదే. రోడ్డు ఎక్కుటకు ముందు వాటిని గొళ్ళెముతో కలిపివేయవలెను. కలుపక రోడ్డుపై ఒకటే పెడలు త్రొక్కినచో బండి గిర్రున తిరిగి పడును. ఈ గొళ్ళెము పెట్టుటకు రెండు క్షణములు పట్టదు, అయినను నేను చూచిన ట్రాక్టర్లలో సగమింటికి అది త్రుప్పుపట్టి యున్నది.

బస్తాలను ట్రాలీలో ఎత్తుగా గాక పరచి పేర్చుడు. బరువైనవి అడుగున, ముందు వైపునకు. అంతయు వెనుకకే వేసినచో కొక్కెము పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రముల పట్టు తగ్గును. కొక్కెపు చీలకు తాళపు పిన్ను ఉండవలెను. తీగ ముక్కతో సరిపెట్టరాదు. చలికాలపు ఉదయములలో పొగమంచులో పది గజముల ముందు కానరాదు. ట్రాలీ వెనుక ఎర్రని రిఫ్లెక్టరు పలకలు తప్పక ఉండవలెను.

ఇక మనుష్యుల మాట. సంతకు, పెండ్లికి, జాతరకు ట్రాలీలో ముప్పది మంది ఎక్కుట మన వైపు మామూలైనది. బస్సు లేని ఊరివారు మరేమి చేయుదురని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ట్రాలీ సరుకుల బండి. నిలుచున్న జనము బరువు బస్తాల బరువు కంటె ఎత్తున ఉండును, పైగా మలుపులో అందరును ఒకే వైపునకు ఒరుగుదురు. ఒక్క ట్రాలీ లోయలో పడినచో ఒక ఊరు ఊరంతయు ఏడ్చును. మడ్గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుకొనుట కూడ ఇట్టిదే. జారినచో వారు పడునది పెద్ద చక్రము ముందే.

తిరుగుచున్న షాఫ్టు, తగులుకొన్న కొంగు

చోళ్ళు, వరి నూర్చు యంత్రములను ట్రాక్టరు వెనుకనున్న పి.టి.ఓ. షాఫ్టుతో నడుపుదురు. అది నిమిషమునకు 540 సార్లు, అనగా సెకనుకు తొమ్మిది సార్లు తిరుగును. చుట్టుకొలత ఒక జానెడు ఉన్నదనుకొన్నను, సెకను లోపల రెండు గజముల గుడ్డను చుట్టుకొనును. చీర కొంగు కొన తగిలిన తరువాత "ఆపుడు" అని కేక వేయుటకు కూడ వ్యవధి ఉండదు. కళ్ళములో పనిచేయువారిలో స్త్రీలే ఎక్కువ గాన, కొంగును నడుమున బిగించి దోపుకొనుట, జడను ముడిచి గుడ్డ కట్టుకొనుట, పురుషులు తలగుడ్డ కొనలను వ్రేలాడవేయకుండుట తప్పనిసరి. షాఫ్టుపై ఉండవలసిన గొట్టపు తొడుగు విరిగినచో ఆ దినము నూర్పు ఆపి తొడుగు వేయించుడు. తిరుగుచున్న షాఫ్టును దాటరాదు. చుట్టు తిరిగి పోవలెను.

నూర్పు యంత్రపు నోటిలో చేయి పోవకుండ దాని తొట్టి తగినంత పొడవుండవలెను. ఇట్టి ప్రమాదములు దేశమందంతట పెరిగినందుననే 1983లో అపాయకరమైన యంత్రముల నియంత్రణకు కేంద్ర ప్రభుత్వము చట్టము చేయవలసివచ్చినది. అడ్డుపడిన గడ్డిని తీయుటకు ఇంజను పూర్తిగా ఆపవలెను. "ఊరకనే చేయి పెట్టి తీసివేతును" అన్న మాటతోనే వ్రేళ్ళు పోయినవారు ప్రతి జిల్లాలోను ఉన్నారు. మహువా సారా త్రాగినవానిని, రాత్రి నిద్రలేనివానిని ఆ దినమున యంత్రము వద్దకు రానీయరాదు.

కాపాడుకొనుట

భద్రత, మరమ్మతు వేరువేరు సంగతులు కావు. బ్రేకు తీగ తెగుట, టైరు పేలుట మడిలో జరిగిన ఖర్చు, ఘాటులో జరిగిన చావు.

ప్రతి ఉదయము బండిని మట్టపు నేలపై నిలిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు పుల్లను చూడవలెను. వాలులో నిలిపి చూచిన కొలత తప్పును. టిల్లరు రెండు టైర్లలో గాలి సమముగా ఉండవలెను. ఒకటి మెత్తబడినచో బండి ఎల్లప్పుడు అటువైపే లాగి, దిగుడులో మిమ్ము క్లచ్చి నొక్కునట్లు చేయును. ప్రక్క క్లచ్చిల తీగలు రెండును ఒకే పాటి వదులుగా ఉండవలెను. బెల్టును బొటనవ్రేలితో నడుమ నొక్కిన సుమారు సెంటీమీటరు దిగవలెను. బెల్టుపై రేకు మూత తీసివేసి నడుపరాదు. దుక్కిలో అదరుటచే రోటవేటరు కత్తుల బోల్టులు వదులగుట సహజము. దినము పని ముగియగనే ఇంజను ఆపి, అడుగున కర్ర దిమ్మె పెట్టి, ఒక్కొక్కటి బిగించుడు. ఎర్రమట్టి దుమ్ములో పనిచేయు దినములలో గాలి వడకట్టు తొట్టిలోని ఆయిలును తరచుగా మార్చవలెను. దుమ్ము లోనికి పోయిన ఇంజను రెండు సంవత్సరములలో ముసలిదగును. ఇంజను ఆయిలును ఎన్ని గంటలకు మార్చవలెనో యంత్రముతో ఇచ్చిన పుస్తకములో ఉండును.

మన ఎత్తున గాలి పలుచన గనుక ఇంజను మైదానములో ఇచ్చిన బలములో సుమారు పదవ వంతు తక్కువ ఇచ్చును. అది లోపము కాదు. నల్లని పొగ వచ్చుచున్నదని పంపు మరలను త్రిప్పక, బరువు తగ్గించుడు. చింతపల్లి, లంబసింగి వైపు శీతాకాలమున వేడి సున్నా డిగ్రీలకు చేరువగా దిగును; ఆయిలు చిక్కబడి ఇంజను త్వరగా అందుకొనదు. వేడి నీరు రేడియేటరులో పోయవచ్చును గాని, క్రింద మంట పెట్టరాదు.

హ్యాండిలు త్రిప్పి ఇంజను లేపువారు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళ వైపే ఉంచి పట్టుకొనవలెను. ఇంజను వెనుకకు తన్నినప్పుడు హ్యాండిలు చేతి నుండి జారిపోవును. బొటనవ్రేలు చుట్టిపట్టిన మణికట్టు విరుగును. వేడి రేడియేటరు మూత తీయరాదు. కాగుచున్న ఇంజనులో డీజిలుగాని, పెట్రోలుగాని పోయరాదు. మూసిన పాకలో ఇంజను నడుపరాదు. దాని పొగకు వాసన తెలియకయే మనిషి స్పృహ తప్పును.

సంఘపు యంత్రము, ఎవరి బాధ్యత?

ఒక ఇంటి యంత్రము కంటె సంఘపు యంత్రము త్వరగా చెడునని అందరు అందురు. అది యంత్రపు తప్పు కాదు. పదిమంది నడుపుదురు, బోల్టు బిగించువాడు ఎవడును ఉండడు. నేను చూచిన సంఘములలో బాగుగా నడచినది ఒక చిన్న నోటు పుస్తకముపై నడచినది. తాళము ఒకరి వద్ద. నేర్చుకొన్నవారి పేర్లు ముగ్గురివో నలుగురివో మొదటి పుటలో. వారికి తప్ప తాళము ఈయరు. బండి తీసికొనునప్పుడు ఆయిలు, గాలి, బ్రేకు చూచినట్లు సంతకము. తిరిగి ఇచ్చునప్పుడు ఎన్ని గంటలు నడచినది, ఏమి వదులైనది వ్రాయుట. చదువురానివారు గుర్తు పెట్టుదురు. అద్దెలో గంటకు కొంత మొత్తమును మరమ్మతు నిధికి వేయుదురు. ఒకసారి సంఘ అధ్యక్షుని కుమారుడే తాళము అడుగగా, పేరు పుటలో లేదని ఈయలేదట! ఆ గ్రామస్థులు ఈ మాటను నాకు గర్వముగా చెప్పిరి.

జరుగరానిది జరిగినచో

ముందు ఇంజను ఆపవలెను. యంత్రము క్రింద ఇరుక్కొన్నవానిని చేతులు పట్టి లాగరాదు. పది మంది కర్ర దూలములతో యంత్రమును లేపి, దిమ్మెలు పెట్టి, తరువాత తీయవలెను. నెత్తురు కారుచున్న చోట శుభ్రమైన గుడ్డ మడతతో గట్టిగా నొక్కి పట్టుడు. తడిసినను తీయక, పైన మరియొక మడత వేయుడు. పసుపు, కాఫీ పొడి, సున్నము అద్దరాదు. తెగిన వ్రేలు దొరికినచో శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఆ సంచిని చల్లని నీటిలోనో మంచులోనో ఉంచి రోగితోపాటు పంపుడు. వ్రేలు నేరుగా మంచును తాకరాదు. మెడ, నడుము దెబ్బతిన్నవానిని కూర్చుండబెట్టక, తలుపు పలకపై కదలకుండ కట్టి మోయవలెను.

108 అంబులెన్సు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15 నుండి ఉన్నది. కాని దానికి రోడ్డు కావలెను. రోడ్డు లేని గూడెములలో రోగిని డోలీలో మోసికొని గెడ్డలు దాటి రావలసిన స్థితి ఇంకను కలదు. మీ ఊరికి 108 ఎంత దూరము వరకు రాగలదో, అక్కడకు డోలీ చేరుటకు ఎంత కాలము పట్టునో, ఏ మిట్టపై ఫోను అందునో దుక్కుల ఋతువు మొదలగుటకు ముందే నలుగురు కూర్చుండి తేల్చుకొని, ఆ సంగతులను యంత్రపు నోటు పుస్తకము అట్టపైననే వ్రాసి ఉంచుడు.